పుష్కరాల వారం ఎండిన వాన గేజి

పొద్దున ఎనిమిదిన్నర కాగానే సమ్మయ్య తువ్వాల భుజాన వేసుకుని వాన గేజి దగ్గరికి పోతాడు. నెల్లికుదురు బయట ఉన్న ఆ మిరప పరిశోధన కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా ఆయన పని అదే. గరాటు తీసి, లోపలి సీసాలో నీళ్లను గీతల గ్లాసులోకి వంచి, ఒక కన్ను మూసి చూసి, రిజిస్టరులో రాస్తాడు. రిజిస్టరులో రెండు గడులు. మొదటిది వాన నీళ్లకు, రెండోది కృతజ్ఞత నీళ్లకు. ఎండాకాలం మొదటి గడిలో అన్నీ సున్నాలే. రెండో గడి మాత్రం ఎంత ఎండలోనూ ఇరవై మిల్లీమీటర్లకు తగ్గేది కాదు. ముందురోజు చుట్టుపక్కల ఎవరు ఎవరి మేలు మనసారా తలచుకున్నా, ఆ తలపు తెల్లారేసరికి మంచుకన్నా పలచగా అక్కడే రాలుతుంది. నోరారా చెబితే తెల్లారేదాకా ఆగదు, అప్పటికప్పుడే పడుతుంది. కంటికి కనబడదు, ఒంటికి తగలదు, గేజి ఒక్కటే పట్టుకుంటుంది. కాన్పు సుఖంగా అయిన ఇల్లున్న రోజు రెండు గీతలు ఎక్కువ. వడ్లు తడవకముందే కాంటా అయిన రోజు ఇంకో నాలుగు. హైదరాబాదు పెద్దాఫీసు వాళ్లు రెండు అంకెలనూ నెలనెలా తెప్పించుకుని ఫైల్లో పెట్టుకుంటారు.

కేంద్రంలో శాస్త్రవేత్తలు నలుగురు. ముగ్గురికి దేవుడున్నాడు, సుమిత్రకు లేడు. ఇది గాలికబురు కాదు. శాస్త్రవేత్తలు దేవుణ్ణి నమ్ముతారా అని ఫిబ్రవరిలో ఏదో యూనివర్సిటీ నుంచి ప్రశ్నల కాగితం వస్తే నలుగురూ టిక్కులు పెట్టి పంపారు. ఆమెకన్నా ఆరేళ్లు పెద్దయిన సురేందర్ సారు తన టిక్కును రెండుసార్లు దిద్దాడు. సారు భక్తి మామూలుది కాదు. మొన్నటి దసరాకు పూజ చేస్తూ మైక్రోస్కోపు అద్దానికే కుంకుమబొట్టు పెట్టాడు. ఆకుల మీద ఎర్ర మచ్చల తెగులేదో కొత్తది వచ్చిందని తర్వాత వారం రోజులు తెగ పరేషాన్ అయ్యాడు. సుమిత్ర చున్నీ కొసతో అద్దం తుడిస్తే తెగులు పోయింది.

ఆ ప్రశ్నల కాగితం వచ్చిన రోజు అన్నాల దగ్గర సారు వదల్లేదు. "ఇంత సృష్టి దానంతట అదే అయిందంటవా సుమిత్రా?"

"ఎట్లయిందో తెల్వదు సార్. తెల్వనిదానికి పేరు పెట్టి దండం పెట్టుడు నాకు రాదు."

"కష్టమొస్తే ఎవలకు చెప్పుకుంటవ్?"

"మీకు చెప్పుకుంటలేనా?"

"సరే. మంచి జరిగితే?"

ఆమె సారు డబ్బాలోంచి మామిడి తొక్కు వేసుకుని మాట మార్చింది. గేజిలో నీళ్ల గురించి మాత్రం ఇద్దరూ ఎన్నడూ వాదించుకోలేదు. కొలిచినదాన్ని రాసుకోవడమే ఇద్దరికీ తెలిసిన మర్యాద.

సుమిత్ర ప్రాణమంతా షేడ్‌నెట్ కింద ఉన్న మూడు కుండీల మీద ఉంది. నల్ల తామర పురుగు మానుకోట జిల్లా మిరపనంతా మాడ్చేసిన ఏడు, ఎండిన ఒక చేను నడుమ ఒకే ఒక మొక్క పచ్చగా నిలబడింది. ఆ మొక్క కొమ్మలే ఇప్పుడీ మూడు కుండీలు. పురుగు దాని మీద వాలేది, ఎగిరిపోయేది. కానీ ఏం చేసినా కాయ పట్టేది కాదు, పూత పూతే రాలేది. మూడేళ్లు కొమ్మలు నాటి బతికించుకుంటూ వచ్చింది. కాయ లేకపోతే గింజ లేదు, గింజ లేకపోతే ఏ రైతుకూ ఏమీ లేదు. ఈ మార్చిలో బోరు అడుగంటితే సమ్మయ్య గేజి నీళ్లు పారబోయకుండా ఆ కుండీల్లో పోశాడు. పూత నిలిచింది. ఒక్కరోజు బోరు నీళ్లు పోస్తే మళ్లీ రాలింది. ట్యాంకరు నీళ్లు, నల్లా నీళ్లు, అన్నీ చూశారు. ఆ మొక్కకు గేజి నీళ్లే కావాలి. దినమూ అవే పోయగా పన్నెండు కాయలు పట్టాయి. పండటానికి ఇంకా పది రోజులు ఉందనగా కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు మొదలయ్యాయి.

మండలం మండలమే బయలుదేరింది. బస్సులు, ట్రాక్టర్లు, పెండ్లి వ్యాన్లు భూపాలపల్లి దారి పట్టాయి. సురేందర్ సారు జనగామ నుంచి చుట్టాలందరినీ వెంటేసుకుని పోయాడు. సమ్మయ్య గీతల గ్లాసు సుమిత్ర చేతికిచ్చి, "నాలుగొద్దులల్ల వస్త మేడం" అని పోయాడు.

మర్నాడు గేజిలో ఒకటిన్నర మిల్లీమీటర్లు.

సుమిత్ర గ్లాసు కడిగి మళ్లీ చూసింది. జనం దండాలన్నీ కాళేశ్వరంలో గోదావరి మీద రాలుతుంటే నెల్లికుదురులో ఏముంటుంది? ఈ ఒకటిన్నర గేటు కాపలాదారు యోసేపుది. ముందురోజు ఆదివారం, చర్చికి పోయి వచ్చాడు. రెండోరోజు యోసేపు వంతు కూడా అర మిల్లీమీటరుకు దిగింది. ఆకులు వాలిపోయాయి, కాయల తొడిమెలు మెత్తబడ్డాయి. మూడేళ్ల పని కళ్లముందే ఎండిపోతుంటే ఆమెకు అన్నం సయించలేదు.

గేజి పక్కన నిలబడి తనే చెప్పి చూసింది. "కృతజ్ఞతలు" అంది. గరాటు పొడిగానే ఉంది. సురేందర్ సారు మాటే నిజమేమో, పరీక్షిస్తే పోయేదేముందని చేతులు జోడించి దేవుడికి చెప్పింది. అదీ సున్నాయే. తను నమ్మని దేవుడి ముందు అబద్ధమాడినందుకు సిగ్గు కూడా వేసింది.

గేటు దగ్గర్నుంచి యోసేపు ఇదంతా చూశాడు. "ఉత్తగ మాటంటే పడదు మేడం. ఎవలకు చెప్తున్నరో ఆళ్ల మొకం యాదికి రావాలె."

"నాకు ఎవలున్నరు యోసేపూ?"

"గది నాకేం ఎరుక? గీ మొక్క మీకు ఎవలిచ్చిండ్రు?"

సుమిత్ర కుండీల దగ్గరికి నడిచింది. ఎవరిచ్చారు? స్వరూప ఇచ్చింది. రెండెకరాల మిరప కళ్లముందు మాడిపోయిన మనిషి, పచ్చగా మిగిలిన ఆ ఒక్క మొక్కను వేర్లతో తవ్వి, తట్టలో పెట్టి, నెత్తిన మోసుకుంటూ ఎనిమిది కిలోమీటర్లు నడిచి వచ్చింది. "మీకు పనికొస్తదేమో సూడుండ్రి" అంది. సుమిత్ర ఫోన్ మాట్లాడుతూ ఆ మూలన పెట్టమని వేలు చూపించింది. తర్వాత అచ్చయిన పరిశోధన వ్యాసంలో నలుగురు శాస్త్రవేత్తల పేర్లు ఉన్నాయి. మొక్క ఎక్కడిదన్నచోట 'ఒక రైతు పొలం' అని ఉంది.

తెల్లారగానే స్కూటీ మీద స్వరూప ఊరికి పోయింది. ఆమె లేదు. ఆ చేను తర్వాత మళ్లీ మిరప పెట్టే ధైర్యం లేక పొలం బీడు పెట్టి, ఏటా ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు ఏరడానికి కొత్తగూడ అడవికి పోతోందని పక్కింటివాళ్లు చెప్పారు. సుమిత్ర స్కూటీ అటు తిప్పింది.

ఆకు కల్లంలో స్వరూప కట్టలు కడుతోంది. మనిషి సగమైంది. సుమిత్రను చూసి గాబరాగా లేచింది.

"మేడం! మీరేంది, గిటెట్ల వచ్చిండ్రు? నేనేమన్న తప్పు చేసిన్నా?"

"తప్పు నాది అక్కా." గేజికి ఇక్కడి మాట అందదని సుమిత్రకు తెలుసు. కేంద్రానికి తీసుకుపోయి అక్కడ చెబుదామనే వచ్చింది. తీరా ఆ మొహం చూశాక ఆగలేకపోయింది. "గారోజు నువ్వు గంత దూరం మోసుకొస్తే కూసోమనలే. మంచినీళ్లు తాగుతవా అనలే. నీ పేరు రాయలే. చేనంత పోయి నువ్వు ఏడుస్తున్నప్పుడు గూడ గా ఒక్క మొక్కను చూసినవ్ సూడు, గది నువ్వు చూడకపోతే మూడేండ్ల సంది నాకు చేసెటందుకు పనే లేదు. నీ మేలు మర్వను."

ఎర్రటి ఎండలో చినుకులు మొదలయ్యాయి. ఈసారి కంటికి కనబడేటంత లావు చినుకులు. ఆరబెట్టిన తునికాకు కట్టల మీద టపటపా పడ్డాయి.

"అయ్యో, ఆగుండ్రి మేడం!" స్వరూప కట్టల మీద పరదా లాగింది. "ఆకు తడిస్తే ఎవలు తీసుకోరు. ఊర్లన్ని పుష్కరాలకు పోయినయ్, మీ గేజి ఎండే ఉంటది, నాకు ఎరుకే. మిగిలింది గక్కడ చెప్పుదురు గని, పాండ్రి!"

స్కూటీ వెనక కూర్చుని వచ్చింది. షేడ్‌నెట్ కింద ఆ మూడు కుండీలను చూసి వాటి ముందు గొంతుక్కూర్చుంది. వాలిన ఆకుల కింద చెయ్యి పెట్టి కాయలను ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"ఎన్నడో పెంట మీద పడేసిండ్రు అనుకున్న మేడం. సచ్చిన చేన్లకెల్లి మొక్క మోసుకపోతున్నవ్, పిచ్చి లేసిందా అన్నడు మా ఆయిన. మీరు దీన్ని బతికిచ్చుకుంట వచ్చిండ్రా?" ఒక ఆకు మీది దుమ్ము వేలితో తుడిచింది. "మీ కడుపు సల్లగుండ."

బయట గేజి గరాటులో నీళ్ల చప్పుడు మొదలైంది. యోసేపు బిందె పట్టుకుని పరిగెత్తాడు. సుమిత్రకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. మంచి జరిగినప్పుడల్లా పైకి చూసి, అక్కడ ఎవరూ లేరని నోరు మూసుకున్న మనిషి ఆమె. ఈసారి మనిషిని ఎదురుగా పెట్టుకుని, చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెప్పింది. ఆ నీళ్లు కుండీల్లో పోస్తే మధ్యాహ్నానికి ఆకులు లేచి నిలబడ్డాయి.

సురేందర్ సారు, సమ్మయ్య తిరిగొచ్చేసరికి రెండో గడిలో నూట నాలుగు అని ఉంది. సమ్మయ్య అంకె చూసి, తన చేతిరాత కాదని మాత్రం అన్నాడు. సారు తీర్థం సీసా బల్లమీద పెట్టి, "ఎవలకు చెప్పినవ్?" అని అడిగాడు.

"స్వరూపకు."

సారు తీర్థం సీసాను పక్కకు జరిపాడు. "గా మొక్క దొరికినందుకు మూడేండ్ల సంది ముక్తేశ్వరునికి మొక్కుతున్న సుమిత్రా. గామెకు మాత్రం ఒక్కసారి చెప్పలే." బండి తాళాలు తీసుకుని, ఇంటికి కూడా పోకుండా, స్వరూప తిరిగి ఆకుకు పోయిన కొత్తగూడ దారి పట్టాడు.

కాయలు పండాయి. గింజ దొరికింది. మొదటి నారు స్వరూప పొలంలోనే, అర ఎకరంలో పెట్టారు. గింజతో మొలిచిన నారుకు గేజి నీళ్ల పేచీ లేదు, మామూలు నీళ్లకే కాయ పట్టింది. ఆ శీతాకాలం నల్ల తామర మళ్లీ వచ్చింది. చుట్టూ చేలు ముడుచుకుపోయాయి. ఆ అర ఎకరం పచ్చగా నిలబడింది.

ఎండలు ముదిరాక తునికాకు కూలీల ట్రాలీ ఆటో ఎప్పటిలాగే స్వరూప ఇంటిముందు ఆగి హారన్ కొట్టింది. ఇంటి పక్కనే కల్లంలో మోకాళ్ల లోతు ఎర్రటి కాయలు తిరగేస్తున్న స్వరూప తలెత్తి గట్టిగా కేకేసింది.

"మీరు పోండ్రి! నాకు గీ కాయ ఎత్తేదున్నది."