కుర్చీ బాబాయి దిండు

చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆయన కిందటి వారం చూసిన నాటకాన్ని మళ్లీ ఒకసారి చంపుతున్నాడు.

"రాజు వేషం వేసినవాడికి చావడం కూడా చేతకాలేదు. పోటు ఎడమవైపు తగిలితే కుడివైపు పట్టుకున్నాడు వెధవ."

"పాపం, మొదటిసారి చచ్చాడేమో, వదిలెయ్యండి," అంది భార్య, అన్నం డబ్బాకి మూత బిగిస్తూ.

ఆయన నవ్వలేదు. నవ్వితే కోపం పలచబడిపోతుందని ఆయనకు భయం. పాలు విరగకుండా చూసుకున్నట్టు ఆమె ఇల్లు చూసుకుంటే, చల్లారకుండా ఆయన కోపాన్ని చూసుకునేవాడు. ఎడమ భుజం రుద్దుకుంటూ, కొత్త లిఫ్టులో ఫ్యాను గాలికి పట్టేసిందన్నాడు. దాన్ని బిగించినవాణ్ణి కూడా రెండు తిట్టాడు. తర్వాత గూట్లోంచి దిండు తీసి చంకలో పెట్టుకున్నాడు.

గుండ్రటి దిండు. పాత కిటికీ తెరను కత్తిరించి భార్య కుట్టింది. ఆకుపచ్చ పువ్వులు వెలిసిపోయి బూడిదరంగుకు వచ్చాయి. అంచున కుట్టు ఊడింది, ఇవాళ ఇచ్చి వెళ్లండి వేసిపెడతానంది ఆమె. ఇవాళ నాటకం ఉంది, రేపు చూద్దాంలెమ్మన్నాడు.

ఆయన ఒక పెద్ద కట్టడంలో లిఫ్టు నడుపుతాడు. నడిపేవాడు అనాలి. పాత లిఫ్టుకు మీట ఉండేది. దాన్ని తిప్పీ తిప్పీ ఆయన బొటనవేలి కింద కాయ కాసింది. ఇప్పుడు మీట పోయి బొత్తాలు వచ్చాయి. బొత్తాలు ఎవరైనా నొక్కుకోగలరు. అయినా, ముసలివాళ్లు ఒంటరిగా ఎక్కడానికి జంకుతున్నారని, ఆయన్ను ముక్కాలిపీటతో సహా లోపలే ఉంచారు. కాయ మాత్రం ఇంకా మెత్తబడలేదు.

ఆ పీట మీద దిండు, దిండు మీద ఆయన, ఎదురుగా జనం. తలుపు మూసుకున్నాక ఎక్కడికి పోతారు? కింది నుంచి పైకి వెళ్లేలోగా ఒక నాటకం ఆయన చేతిలో హతమయ్యేది. వినలేనివాళ్లు మెట్లెక్కేవారు, వాళ్లకు ఒళ్లు తగ్గడం ఆయన పుణ్యమే. పంటి డాక్టరు దగ్గర నుంచి దిగే రోగులంటే ఆయనకు ప్రీతి. నోటినిండా దూదితో వాళ్లు ఎదురు చెప్పలేరు.

ఆయన లెక్కలో, హాస్యగాడు బస్సు కోసం నిలబడ్డట్టు నవ్వుల కోసం నిలబడకూడదు. జుట్టులో బొద్దింకలా మైకు దాచుకుని గుసగుసలాడేవాడు నటుడు కాడు, చాడీకోరు. సంగీత నాటకంలో మనిషి పాట ఎందుకు ఎత్తుకుంటాడు? మాట చాలక. మాటతో సరిపోయేదానికి కూడా పాడితే అది జబ్బు. పాటకన్నా ముందు ఊపిరి వినపడాలి, ఊపిరి వినపడని పాట వడ్డించని విస్తరి. ఇవన్నీ న్యాయమైన మాటలేనని కాదు. ఊరంతా మెచ్చుకున్న ఒక నాటకాన్ని, రంగం మీద తలుపు కిర్రుమందని ఆయన దుమ్మెత్తిపోశాడు. ఆ తలుపు మీద కోపం ఇప్పటికీ పోలేదు.

కొత్త లిఫ్టులో ఆయనకు ఒక శత్రువు కూడా ఉంది. అంతస్తు వచ్చినప్పుడల్లా ఒక ఆడగొంతు చెబుతుంది, మూడవ అంతస్తు, నాలుగవ అంతస్తు అని. ఎక్కడో ఎప్పుడో పట్టి పెట్టిన గొంతు. పొద్దున ఎంత తియ్యగా ఉంటుందో సాయంత్రానికీ అంతే. "ఒక్కసారైనా ఊపిరి పీల్చవే," అని ఎవరూ లేనప్పుడు ఆయన దాన్ని కసురుకునేవాడు.

పన్నెండు కావస్తుండగా గాయని వచ్చింది. ఆ వీధి చివరి నాటకశాలలో తరతరాల తల్లుల వేషాలన్నీ కట్టిన మనిషి. ఆయన ఇంతవరకు ఒక్క మాట కూడా అనని ఒకే ఒక్క మనిషి. మెడకు శాలువా చుట్టుకుంది. నాలుగో అంతస్తులో గొంతు డాక్టరు ఉన్నాడు. పైకి వెళ్లేటప్పుడు ఆయన పళ్లు బిగించి ఊరుకున్నాడు. దిగేటప్పుడు ఆపుకోలేకపోయాడు.

"టేపు పాడుతుంటే మీరు పెదాలాడిస్తున్నారని మేకప్పువాడు చెప్పాడు. అబద్ధమని వాణ్ణి కొట్టబోయాను. ఏమ్మా, నిజమేనా?"

"నిజమే." ఆ గొంతు గరుకుకాగితంలా ఉంది. "పాడితే పూర్తిగా పోతుందట. ఇప్పుడు కూడా అదే చెప్పాడు."

బుద్ధున్నవాడెవడైనా అక్కడ ఆగుతాడు. ఆయన లేచి నిలబడ్డాడు.

"దాచుకుని ఏం చేసుకుంటారు, బీరువాలో పెట్టుకుంటారా? రెండవ అంతస్తు అంటోందే, అది వినండి. అలా బతుకుతారా?"

ఆవిడ ఆయన్ను చూడలేదు. పీట మీద దిండును చూసింది.

"అయితే ఇవాళ లాగేస్తావా, బాబాయ్?"

ఆవిడ ఆయనకన్నా పెద్దది. కానీ నాటకాల వాళ్లందరికీ ఆయన కుర్చీ బాబాయే. ఆ హాలులో కుర్చీలు చెక్కవి. మనిషి లేవగానే ఠప్పున మడుచుకుంటాయి. ఆయనది మూడో వరుసలో నడవ పక్కది. నాటకం నచ్చితే దిండు అలాగే వదిలి లేచేవాడు. కుర్చీ దిండును కరుచుకుని నోరు మూసుకునేది. జనం పోయాక వచ్చి తీసుకునేవాడు. నచ్చకపోతే ముందు దిండు లాగి, ఆ తర్వాత లేచేవాడు. ఆ ఠప్పు తుపాకీలా మోగేది. తెర వెనక నటులు చప్పట్లు లెక్కచేయకుండా దాని కోసం చెవులు రిక్కించేవారు.

"లాగేస్తాను," అన్నాడు.

ఆవిడ దిగిపోయింది. తలుపులు మూసుకున్నాయి. ఏ బొత్తామూ నొక్కకుండా ఆయన లోపలే నిలబడ్డాడు. ఇప్పుడు తిట్టడానికి తనొక్కడే మిగిలాడు. ఆ పనీ శ్రద్ధగానే చేశాడు.

శనివారం కాబట్టి కట్టడం మధ్యాహ్నానికే మూశారు. డబ్బా విప్పకుండానే నాటకశాలకు నడిచాడు. దారిలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగి, కాలిబాట ఎత్తుగా కట్టినవాణ్ణి శపించాడు.

అది పడవలు నడిపే ఒక ముసలమ్మ కథ. కొడుకు నీళ్లలో పోతాడు. చివర్లో ఖాళీ రేవులో కూర్చుని ఆమె పాడుతుంది. అంతవరకు ఆయన తెడ్డు పట్టుకోవడం రాని కొడుకును, నీలంగా ఉండాల్సింది పోయి ఊదాగా ఉన్న నదిని ఓపిగ్గా ద్వేషిస్తూ కూర్చున్నాడు.

పాట వచ్చింది. ఆవిడ పెదాలు కదిలాయి. హాలంతా తేనె పోసినట్టు పాత గొంతు పరుచుకుంది, ఎక్కడా ఊపిరి లేకుండా. ఆయన చెయ్యి కిందికి వెళ్లి దిండు అంచు పట్టుకుంది. ఊడిన కుట్టులో వేలు దూరింది.

ఆవిడ మూడో వరుస వైపు చూసింది. తర్వాత పక్కకు తిరిగి చెయ్యెత్తింది, చాలు అన్నట్టు. టేపు ఇంకొంచెం పాడి, నీళ్లలో పడ్డట్టు ఆగిపోయింది.

అప్పుడు వినపడింది, ఒక ఊపిరి. చిరుగుతున్న గుడ్డలాంటి ఊపిరి. దాని వెనకే పాట. పై స్థాయికి వెళ్లేసరికి గొంతు రెండుగా చీలింది. ఆవిడ ఆగలేదు. ఆ చీలికలోంచే పాడింది.

ఆయనకు జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ డాక్టరు మీద, ఆ టేపు మీద, తన నాలుక మీద, అన్నింటికన్నా ఆవిడ మీద.

"నేనంటే మాత్రం పాడేస్తావా," అన్నాడు పైకే. ఆవిణ్ణి నువ్వు అనడం అదే మొదలు. "బుద్ధి లేదూ నీకు?"

పక్కన కూర్చున్నావిడ ఉష్ అంది. జన్మలో మొదటిసారి ఆయన ఆ మాటకు నోరు మూసుకున్నాడు. చెయ్యి దిండును వదిలేసి ఒళ్లోకి వచ్చింది. పాట అయ్యేదాకా ఆయన దాన్ని కదపలేదు. పాట అయ్యాక కూడా కదపలేదు.

దీపాలు వెలిగాయి. చప్పట్లు, తర్వాత వరుసలు వరుసలుగా కుర్చీల చప్పుడు. జనం పలచబడ్డాక గేటుమనిషి వచ్చి, లేవండి బాబాయ్, తాళం వేసుకోవాలన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. తల పక్కకు వాలింది. చెయ్యి తీసి, మరొకరిని పిలిచాడు, కేక వెయ్యకుండా.

తెర వెనక ఆవిడకు మాట రావడం లేదు. వేడినీళ్లు తెచ్చినవాళ్లు ఏదో అనబోతే వేలు పెదాల మీద పెట్టి వాళ్లను ఆపింది. తెరకు చెవి ఆనించి నిలబడింది.

అవతల ఇద్దరు మనుషులు ఆయన్ను చంకల కింద చేతులు వేసి లేపారు. కుర్చీ మడుచుకుంది. చప్పుడు కాలేదు. ఆవిడ ఇంకాసేపు విని, కళ్లు తుడుచుకుని, గ్లాసు అందుకుంది.

మూడో వరుసలో, నడవ పక్కన, మూసుకున్న కుర్చీ నోట్లోంచి వెలిసిన పువ్వుల గుడ్డ అంచు, ఊడిన కుట్టులోంచి కాస్త దూది.