మనవాడే

గేటు తాళం సైనికుల దగ్గర ఉంటుంది. పొద్దున జీపులో వచ్చి తీస్తారు, కాసేపు ఉంచి మూసేస్తారు, సాయంత్రం మళ్ళీ తీస్తారు. కంచెకు తూర్పున బేత్ హమ్రా ఊరు. పడమరన ఆ ఊరివాళ్ళ ఆలివ్ తోటలు. పర్మిట్ ఉన్నవాడు తన చెట్టు దగ్గరకు వెళతాడు. లేనివాడు కంచెలోంచి చూసుకుంటాడు.

హేద్వా, జెహవా పడమటి వైపు నిలబడతారు. ఇద్దరూ ఇజ్రాయిలీలు, ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళు. మామూలు రోజుల్లో వారానికి రెండుసార్లు, కాయ దించే కాలంలో రోజూ, జెహవా కారులో వస్తారు. గేటు వేళకు తీశారా, ఎవరిని ఆపారు, ఏం చెప్పి ఆపారు అన్నది చూస్తారు. ఆలస్యమైతే సైన్యం ఆఫీసుకు ఫోన్ చేస్తారు. ఇలా గేట్ల దగ్గర కాపు కాసే వాళ్ళ బృందంలో ఒక కట్టుబాటు ఉంది. గేటు కోసం అడగవచ్చు, వరస మొత్తం కోసం అడగవచ్చు. ఒక మనిషిని పట్టుకుని, ఈయన్ని వదలండని సైనికుడిని బతిమాలకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు జెహవా మొదటిరోజే ఈ మాట చెబుతుంది. హేద్వా ఎనిమిదేళ్ళుగా వస్తోంది కాబట్టి ఆమెకు ఎవరూ గుర్తుచెయ్యలేదు.

అక్టోబరులో ఆ పొద్దున హిక్మత్‌ను ఆపారు. పెద్దకొడుకు పేరు మీద ఊళ్ళో ఆయన్ని అబూ నిజార్ అంటారు. ముప్పై ఏళ్ళు తెల్ అవీవ్‌లో ఇళ్ళు కట్టాడు. గేటు దాటిన ప్రతిసారీ, "ఏమ్మా, ఇంకా విసుగు పుట్టలేదా మీకు?" అని అడుగుతాడు. "మీకు పుట్టాక మాకూ పుడుతుంది" అంటుంది హేద్వా. వాళ్ళ పరిచయం అంతే.

"బ్లాక్ అని చూపిస్తోంది" అన్నాడు సైనికుడు, యంత్రంలో పర్మిట్ పెట్టి.

"నిన్న చూపించలేదే!"

"నిన్న నేను లేను."

"ఎందుకు బ్లాకో చెప్పు నాయనా."

"నాకు మాత్రం అది చెబుతుందా?"

వెనక ట్రాక్టర్ మీంచి ఫౌజీ అరిచాడు. "ఒక తన్ను తన్నమను పెదనాన్నా! మా ఇంట్లో టీవీ అలాగే పలుకుతుంది."

వరస నవ్వింది. సైనికుడికి అరబ్బీ రాదు.

గేటు దాటడానికి పర్మిట్ ఉన్న ట్రాక్టర్ ఊరికంతా ఫౌజీదొక్కటే. ఎవరి కాయైనా దానిమీదే బయటికి రావాలి.

హిక్మత్ పక్కకు జరిగి, కంచె దగ్గరకొచ్చి హేద్వాతో చెప్పాడు. "మొన్న దించిన కాయ గోతాల్లో ఉందమ్మా, చెట్ల కింద. ఈ ఏడాది కాపంతా అదే. నిన్న ఫౌజీ బండి వేరేవాళ్ళకు తిరిగింది, ఇవాళ నా వంతు. ఇంకా ఉంటే కాయ వేడెక్కుతుంది. తర్వాత ఆ నూనె సబ్బుకి తప్ప దేనికీ పనికిరాదు."

జెహవా ఫోన్ చేసింది. "చూస్తామన్నారు" అంది.

"చూస్తామంటే?"

"నీకు తెలీదా ఏమిటి? రేపు."

అప్పుడు సైనికుడు చెమట తుడుచుకోవడానికి హెల్మెట్ తీశాడు. గడ్డం కింద కుట్లు వేసిన గంటు. ఆ గంటు పడిననాడు అతన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది హేద్వానే. అప్పుడు అతనికి నాలుగేళ్ళు. ఆమె నడిపే పిల్లలబడిలో జారుడుబల్ల మీంచి పడ్డాడు.

"ఇతమార్!" అంది.

అతను తలెత్తి చూశాడు. కాసేపటికి మొహం ఎర్రబడింది. "హేద్వా టీచర్?"

జీపులో కూర్చున్న ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. "పాలు తాగావా ఇతమార్? పడుకునే టైమైంది ఇతమార్!"

"నోర్ముయ్యండ్రా" అన్నాడు ఇతమార్, తనూ నవ్వుతూ. హేద్వాను తల్లిని పలకరించినట్టు పలకరించాడు. అమ్మ బాగుందా అంటే బాగుందన్నాడు. ఇంకా చారు వద్దంటున్నావా అంటే ఇప్పుడు అదే గతి టీచర్ అన్నాడు. గేటు అవతల వరస నిలబడి ఉంది.

ఎనిమిదేళ్ళలో ఆ గేటు దగ్గర హేద్వా మాట విన్నవాడు లేడు. ఎదురుగా వినేవాడు ఒకడు నిలబడ్డాడు. జెహవా మోచేత్తో పొడిచింది. హేద్వా ఆగలేదు.

"ఇతమార్, ఆ పెద్దాయన్ని వదిలెయ్యి నాన్నా. నాకు తెలుసు ఆయన. పూచీ నాది. అబూ నిజార్ మనవాడే."

వరసలో సగంమంది హిక్మత్‌లాగే ఇజ్రాయిల్‌లో ఇళ్ళు కట్టినవాళ్ళు. ఆమె మాట్లాడిన హీబ్రూ వాళ్ళకు అర్థమవుతుంది.

ఇతమార్ యంత్రం వైపు చూశాడు, హేద్వా వైపు చూశాడు. "మా టీచర్ చెప్పింది కాబట్టి" అని హిక్మత్ భుజం తట్టి పక్కకు తప్పుకున్నాడు.

హిక్మత్ కదల్లేదు. వెనక వరసలో మాటలు ఆగిపోయాయి. తర్వాత ఆయన పర్మిట్ జేబులో పెట్టుకుని గేటు దాటాడు. హేద్వా ముందునుంచే వెళ్ళాడు. విసుగు పుట్టలేదా అని అడగలేదు. గోతాల తొందరలో ఉన్నాడనుకుంది ఆమె.

కారులో ఆమె ఒక్కతే మాట్లాడింది. జారుడుబల్ల సంగతి చెప్పింది, ఆసుపత్రి సంగతి చెప్పింది. జెహవా గేర్లు మారుస్తూ విన్నది. తోటలు దాటాక అంది. "నువ్వు వాడితో ఏమన్నావో గుర్తుందా?"

"వదిలెయ్యమన్నాను. వదిలాడు."

"మనవాడే అన్నావు."

"మాటవరసకి అన్నాను."

"వాళ్ళు మాటవరసకి విన్నారంటావా? పేరు బ్లాకులో ఉన్నవాడికి గేటు ఎందుకు తెరుచుకుంటుందని ఆ ఊళ్ళో ఎవర్నైనా అడుగు. ఆ మనిషి మన పోలీసులకు కబుర్లు మోస్తున్నాడంటారు. వేరే జవాబు ఉండదే అక్కడ."

"ఆయన్ని వాళ్ళు చిన్నప్పట్నుంచీ ఎరుగుదురు."

"సరే" అంది జెహవా. "సాయంత్రం చూద్దాం."

ఇంటికి వెళ్ళి హేద్వా వంట చేసుకుంది. జెహవాకు ఎప్పుడూ అనుమానమే అనుకుంది. ఆకలిగా తిన్నది. కూతురికి ఫోన్ చేసి ఇతమార్ సంగతి చెప్పింది. "చూశావా, ఒక్క మాట" అంది. తర్వాత చాలా రోజులు ఆమెకు ఆ పూట తిన్న అన్నం గుర్తొచ్చేది.

సాయంత్రం గేటు తీశారు. తోటల్లోంచి మనుషులు వస్తున్నారు. ఫౌజీ ట్రాక్టర్ వచ్చింది. ట్రాలీ నిండలేదు. గోతాల మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. హేద్వా ఎదురెళ్ళి అరబ్బీలో అడిగింది. ఆమెకు ఆ భాష కొద్దిగా వచ్చు.

"అబూ నిజార్ గోతాలు వేసుకున్నావా ఫౌజీ?"

ఫౌజీ ఇంజను ఆపలేదు. "ఆయనకి మా బండెందుకు పెద్దమ్మా? జీపుందిగా."

ట్రాలీలో ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అందరూ దాటాక హిక్మత్ వచ్చాడు. భుజం మీద ఒక గోతాం. ఆయన వయసుకు అంతకంటే మోయలేడు. గేటుకు ఇవతలే గోతాం దించి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాడు. వంగే మాట్లాడాడు.

"ఇటు చూడకండమ్మా. అటే చూస్తూ వినండి."

హేద్వా కొండ వైపు చూసింది.

"పొద్దుట్నుంచి నాతో ఎవరూ మాట్లాడలేదు. మా తమ్ముడు పక్కతోటలోనే ఉన్నాడు. మంచినీళ్ళు అడిగితే డబ్బా అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు."

"నేను వెళ్ళి చెబుతాను. ఫౌజీకి చెబుతాను. ఊరికి—"

"మీరు నా గురించి ఒక్క మంచిమాట చెప్పినా నాకు ఇంకో గొయ్యి తవ్వినట్టే."

"పోనీ గోతాలు మా కారులో గేటు దాకా..."

"మీ కారులోనా?" అన్నాడు. నవ్వబోయి మానుకున్నాడు. "రేపు నేను మళ్ళీ వస్తాను. మళ్ళీ ఆపుతారు. ఆ కుర్రాడు మళ్ళీ మిమ్మల్ని అడుగుతాడు. అడుగుతాడుగా?"

"అడుగుతాడు."

"ఎరగనని చెప్పండి. గట్టిగా. చివర నిలబడినవాడికి కూడా వినిపించాలి."

"అప్పుడు మీరు లోపలికి ఎలా వస్తారు?"

"నేను రాకపోతే ఏం? గోతాలు బయటికి రావాలి."

"అబూ నిజార్, నన్ను క్షమించ—"

"అవన్నీ తర్వాత. ముందు ఇది." గోతాం ఎత్తుకున్నాడు. గేటు దగ్గర ఇతమార్ నవ్వుతూ చెయ్యి ఊపాడు. హిక్మత్ తల వంచుకుని దాటాడు.

మర్నాడు పొద్దున కారులో జెహవా అడిగింది, రాకుండా ఉండిపోతే సరిపోయేది కదా అని. నేను లేకపోతే వాడు నా పేరు చెప్పి వదిలేస్తాడు అంది హేద్వా.

వరస కట్టింది. హిక్మత్ మధ్యలో ఉన్నాడు. ఆయనకు ముందు కాస్త ఖాళీ, వెనక కాస్త ఖాళీ. ఫౌజీ ట్రాక్టర్ చివర ఉంది. ఇవాళ ఎవరూ జోకులు వెయ్యలేదు. ఇతమార్ పర్మిట్ యంత్రంలో పెట్టి, తెర చూసి, హేద్వా వైపు తిరిగి అరిచాడు.

"టీచర్! మీవాడు వచ్చాడు. వదిలెయ్యనా?"

వరసలో అందరూ ఆమె వైపు చూశారు. హిక్మత్ చూడలేదు.

"నా వాడేమిటి? నేనెరగను ఆయన్ని" అంది హేద్వా.

ఇతమార్‌కు అర్థం కాలేదు. "నిన్న పూచీ అన్నారు కదా?"

"నిన్న ఎవరో అనుకున్నాను. ఈయనెవరో నాకు తెలీదు."

"మళ్ళీ ఒకసారి చూడండి టీచర్. మీరు ఊఁ అంటే చాలు, నాకేం అభ్యంతరం లేదు."

ఊఁ అంటే చాలు. ఆమె గొంతు పెంచింది. "చెప్పాను కదా, ఎరగనని! నీ పని నువ్వు చేసుకో."

ఇతమార్ భుజాలెగరేసి పర్మిట్ తిరిగిచ్చాడు. "వెనక్కి."

హిక్మత్ తీసుకోలేదు. "ఎందుకు వెనక్కి? పర్మిట్ నాది. చెట్లు నావి. మధ్యలో ఆ ముసల్దాన్ని అడుగుతావేం? ఆవిడెవరు? మా నాన్న చెట్టు దగ్గరికి నేను పోవాలంటే ఆవిడ ఊఁ అనాలా?"

కేకలు వేస్తున్నాడు. మెడ నరాలు లేచాయి. ఇందులో ఊరివాళ్ళ కోసం అంటున్నది ఎంత, తనను అంటున్నది ఎంత అని హేద్వా విడదీయబోయింది. విడదీయలేకపోయింది. మధ్యలో ఉన్నది నిజంగా ఆమే.

ఇద్దరు సైనికులు జీపు దిగారు. వరసలోంచి ఎవరో వచ్చి హిక్మత్ రెక్క పట్టుకుని వెనక్కి లాగారు. ఆయన తమ్ముడు. "చాల్లే అన్నా. చాల్లే, రా." నేలమీద పడ్డ పర్మిట్ తీసి దుమ్ము దులిపి అన్న జేబులో పెట్టాడు.

హిక్మత్ ఊరి వైపు నడిచాడు. ట్రాక్టర్ పక్కగా వెళుతుంటే ఫౌజీ స్టీరింగు మీదనుంచి వంగాడు.

"ఏ గట్టు మీద, పెదనాన్నా?"

"రెండో గట్టు. తొర్ర చెట్టు కింద. దుప్పటి కప్పాను."

"తాడు ఉందా?"

"దుప్పటి కిందే ఉంది."

అంతే మాట్లాడుకున్నారు. ట్రాక్టర్ గేటు దాటి హేద్వా పక్కనుంచి వెళ్ళింది. ఫౌజీ ఆమెకు సలాం చెప్పలేదు. నిన్నటిదాకా చెప్పేవాడు.

వరస అయిపోయాక ఇతమార్ గేటుకు తాళం వేసి వచ్చాడు. చేతిలో ఫ్లాస్కు మూత, అందులో కాఫీ. హేద్వాకు ఇచ్చాడు. ఆమె తీసుకుంది, ఎందుకు తీసుకుందో తెలీదు.

"చూశారా టీచర్, ఒక మనిషిని కాదనడం ఎంత కష్టమో" అన్నాడు. ఎత్తిపొడవలేదు. నాలుగేళ్ళప్పుడు ఎలా చెప్పుకునేవాడో అలాగే చెప్పుకున్నాడు.

జీపు వెళ్ళిపోయింది. జెహవా ఫోన్ తీసింది. "ఒకర్ని తిప్పి పంపారని ఆఫీసుకు చెప్పాలి. పేరు అడుగుతారు."

కంచె అవతల హిక్మత్ ఎత్తు ఎక్కి మలుపు దగ్గరకు చేరుకున్నాడు. తమ్ముడు పక్కన నడుస్తున్నాడు.

"తెలీదని చెప్పు" అంది హేద్వా.