రెండు పొయ్యిల బొగ్గు

పొయ్యిలోంచి సగం కాలిన కొయ్యలు లాగి, నీళ్ళు చల్లి ఆర్పుతోంది అనసూర్య. పొగ కళ్ళలోకి కొట్టింది. ఇంకా జొన్నరొట్టెలు చెయ్యాలి, ఎడ్లకు కుడితి పెట్టాలి, అత్త కాళ్ళకు నూనె రాయాలి. అన్నిటికంటే ముందు మొగుడికి గంపెడు బొగ్గు కావాలట.

"పక్కూర్ల సర్వేయరు ప్రతి హద్దురాయి కింద తవ్వి బొగ్గు చూస్తుండట. జల్ది గంప నింపి చేన్లకు తే. ఆయన వచ్చేలోపల రాయి కింద పోసి కప్పెయ్యాలె," అన్నాడు రాయమల్లు, గడ్డపార భుజాన వేసుకుంటూ.

"రాయి కింద బొగ్గెందుకు లేదు?" అంది అనసూర్య మెల్లగా.

"మగోని పనిల నోరు వెట్టకే," అని అత్త బుచ్చవ్వ అరుగు మీంచే అందుకుంది.

ఎందుకు లేదో ముగ్గురికీ తెలుసు. పదేళ్ళ కిందట చొప్పదండి నుంచి బండి కట్టుకొచ్చి, ఈ ఆదిలాబాద్ అడవి అంచున చెట్లు కొట్టి చేను చేసుకున్నారు. పడమటి పక్క చేను గోండు వితంతువు మారుబాయిది. మధ్యన రాయి పాతిన రోజు రెండిళ్ళ ఆడవాళ్ళూ తమ పొయ్యిల బొగ్గు తెచ్చి ఒకే గుంటలో పోశారు. బొగ్గు మట్టిలో ఎన్నేళ్ళున్నా చివకదు, రాయి కదిలినా అసలు హద్దుకు అదే సాక్ష్యం. ఆ తర్వాత రాయమల్లు ఏటా దుక్కికి ముందు రాయిని పడమటికి జరిపాడు. మొదట రెండడుగులు, తర్వాత పదడుగులు, నిరుడు ఏకంగా ఇరవై గజాలు. బొగ్గును మాత్రం జరపలేదు. బొగ్గు పొయ్యడం ఆడవాళ్ళ పని కదా, మహానుభావుడికి గుర్తే లేదు!

నిరుడే రాష్ట్రాలు పంచారు. వాగు అవతల బొంబాయి రాష్ట్రం, ఇవతల ఆంధ్రప్రదేశ్. ఆ గీతను ఖాయం చెయ్యడానికి వచ్చిన సర్వేయరు, పనిలో పనిగా చేల హద్దులు కూడా కాగితానికి ఎక్కిస్తున్నాడు. ఇవాళ రాయి ఎక్కడుంటే రేపట్నుంచి అదే హద్దు. మారుబాయికి వాగు ఒడ్డున చారెడు నేల మిగులుతుంది. అదేమంటే, "సర్కార్లే హద్దులు జరుపుకుంటున్నయ్, నేను జరుపుకుంటె తప్పా?" అంటాడు రాయమల్లు.

గంపలోకి బొగ్గు ఎత్తుతుంటే అనసూర్యకు ఏవేవో గుర్తుకొస్తున్నాయి. ఆ అడవి కొట్టినప్పుడు మొద్దులు మోసింది తను. అయినా అది "నా చేను" అంటాడాయన. తొలికాన్పు నొప్పులు ఆ చేలోనే మొదలైతే, కేక విని పరుగెత్తుకొచ్చి బిడ్డ బొడ్డు కోసింది మారుబాయి. "గోండుదాని చేతుల వెట్టినవా నా కొడుకును?" అని అరిచి, ఆమెతో మాట్లాడొద్దన్నాడు. సరే అంది. పుట్టింటికి రెండేళ్ళకోసారి చాలన్నాడు. సరే అంది. తను పెంచిన కోళ్ళను అడక్కుండా అమ్ముకున్నాడు. ఊరుకుంది. అందరూ తిన్నాక మిగిలితే తినమంది అత్త. అలవాటు చేసుకుంది. అన్నీ ఒక్కరోజే అడిగి ఉంటే తిరగబడేదేమో. ఏడాదికి రెండడుగులే కదా! తన మీద కూడా ఆయన రాయి జరుగుతూనే ఉందని ఇవాళ మసి చేతులతో కూర్చున్నాక తెలిసింది. ఒళ్ళు మండిపోయింది.

ఆమె చేను చేరేసరికి సర్వేయరు ముందే వచ్చేశాడు. గడ్డపార రాయి పక్కన వాడకుండానే పడి ఉంది. "నీ హద్దేదో చెప్పు బాయీ," అని ఆయన అడుగుతుంటే మారుబాయి, "రాయి నడిచొచ్చింది సాహెబ్," అంటోంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు.

"ఇదే హద్దు సార్, తవ్వుడెందుకు పరేషాన్," అంటున్న రాయమల్లు పెళ్ళాం నెత్తిన గంప చూసి గతుక్కుమన్నాడు. "అది... వంటకు సార్."

అనసూర్య గంప దించింది. గడ్డపార అందుకుని, పత్తికట్టెల మధ్య తమ చేలోకే వెనక్కి నడిచింది. చోటు వెతుక్కోనక్కర్లేదు. ప్రతి దుక్కికీ నల్లగా పైకి తేలిన ముక్కల్ని మళ్ళీ మట్టిలోకి తొక్కింది తనే.

"ఏయ్, యాడికి? పిచ్చి లేసిందా?"

నాలుగు పోట్లకు నల్లమట్టి లేచింది. సర్వేయరు వచ్చి వంగి చూశాడు. బరువైన చింతబొగ్గు, దాంట్లో కలిసిపోయి తేలికైన వెదురుబొగ్గు.

"చింత మా పొయ్యిది, వెదురు ఆమె పొయ్యిది," అంది అనసూర్య. "ఇద్దరం ఒక్కనాడే పోసినం సార్. ఇదే హద్దు."

ఇప్పుడెవరూ నవ్వలేదు. మారుబాయి ఆ గుంట పక్కన కూలబడి, ఒక వెదురుబొగ్గు ముక్క ఏరి కొంగున కట్టుకుంది. రాయిని పెకిలించి తెమ్మని సర్వేయరు మనుషుల్ని పంపాడు.

రాయమల్లు దగ్గరికొచ్చి పళ్ళు నూరాడు. "ఇంటికి రా, నీ సంగతి చెప్త."

ఆ గొంతుకు పదేళ్ళుగా ఆమె సరే అంటూనే వచ్చింది. ఇవాళ మాత్రం ఆయన కోసం తెచ్చిన బొగ్గు గంపను మళ్ళీ నెత్తికెత్తుకుంది.

"పా, పోదాం. ఇంట్ల గూడ రాయి చానా జరిగింది. అది యాడుండాల్నో గాడ సూపిస్త."