వేషం దించే పాఠం

బాలస్వామి అయ్యవారు రాకముందు మా ఊరి భాగోతంలో రాణికైనా రాక్షసికైనా ఒకటే అరుపు. ఎవడి గొంతు పెద్దదైతే వాడే గొప్ప వేషగాడు. నా మొగుడు కురుమూర్తి చేలో అరిస్తే వనపర్తిలో వినిపించేది కాబట్టి ఆడవేషాలన్నీ ఆయనకే ఇచ్చేవారు. మీసం తీసి, చీర చుట్టి, ఎడ్లను అదిలించినట్టే ఏడ్చేవాడు. జనం నవ్వేవారు. పెళ్ళాన్నయినా నేనూ నవ్వేదాన్ని.

అయ్యవారు కృష్ణ అవతల నాటక కంపెనీలో పద్ధతిగా నేర్చుకున్న మనిషి. వనపర్తిలో ఇల్లు. భార్య గత్తర జబ్బుతో, అదే కలరాతో పోయాక ఒక్కడే ఇంట్లో ఉండలేక మావాళ్ళకు నేర్పడానికి ఒప్పుకున్నారు.

ముందు నడక, తర్వాత ఊపిరి, ఆఖరికి మాట. అదీ ఆయన పద్ధతి. తెల్లారగానే వాగు ఇసుకలో నా మొగుణ్ణి నడిపించేవారు.

"రాణి అనుకోని నడువకు. బిడ్డను పోగొట్టుకున్న ఆడమనిషి నీళ్ళకు పోతున్నదనుకో. నన్ను జూడు, గిట్ల" అని ముందు తానే నడిచి చూపించేవారు.

ఆ ఏడు యుద్ధం మూలంగా దీపాలకు గ్యాసునూనె దొరక్క ఆటలు పగటిపూటే కట్టేవారు. పెబ్బేరు సంతలో మావాళ్ళు ఆడారు. బిడ్డ చనిపోయిన రాణిగా నా మొగుడు అరవలేదు. నడిచి వచ్చి కూర్చున్నాడు, కుండలో గరిటె ముంచి అంచు మీద రెండుసార్లు తట్టాడు, తినే బిడ్డ లేడని గుర్తొచ్చి చెయ్యి ఆపేశాడు. అంతే. ఎడ్ల పళ్ళు చూస్తున్న బేరగాళ్ళు ఎడ్లను వదిలేసి నిలబడిపోయారు. సొంత మొగుణ్ణి చూసి నేను అంతగా ఏడ్చినందుకు నాకే సిగ్గేసింది.

భాగోతంలో ఒక కట్టుబాటు ఉంది. ముఖానికి అర్దళం, అంటే ఆ పసుపు రంగు పూశాక వేషగాణ్ణి సొంత పేరుతో ఎవరూ పిలవరు. ఆట అయ్యాక రంగు తుడిచి, పూసిన మనిషే పేరు పెట్టి పిలవాలి. వాడు "వచ్చిన" అనాలి. అప్పుడు వేషం దిగినట్టు. ఆ రోజు రంగు పూసింది అయ్యవారే. తుడిచారు గానీ పిలవలేదు. "జర ఆగు, పాఠం ఇంక కాలే" అన్నారు.

ఆ ఆగడం ఆగడమే అయింది. నా మొగుడు ఇంట్లో గరిటెను కుండ అంచు మీద రెండుసార్లు తట్టేవాడు. లేని వెంట్రుకను చెవి వెనక్కి దోపుకునేవాడు. గడప దాటేటప్పుడు ఎడమ కాలు కొంచెం ఈడ్చేవాడు. కౌలు చేలో దున్నబోతే ఎడ్లు ఆయన గొంతు గుర్తుపట్టక కాడి కింద మొరాయించి నిలబడ్డాయి. నేను పేరు పెట్టి పిలిస్తే పొరుగింటి మనిషిని చూసినట్టు మర్యాదగా నవ్వేవాడు. పక్కలో ఎవరితో పడుకుంటున్నానో తెలియక నేను గోడకు జరిగి పడుకున్న రోజులున్నాయి.

ఒక మధ్యాహ్నం వనపర్తి నుంచి గాజుల కుల్సుమ్‌బీ వచ్చింది. నా చేతికి గాజు ఎక్కిస్తుంటే వంటింట్లో గరిటె చప్పుడైంది. నా మొగుడు గడప దాటి వచ్చాడు. ఆమె చేతిలో గాజు పుటుక్కున విరిగింది.

"యా అల్లా! గిది జానకమ్మ నడక గదా తిమ్మమ్మా!"

"ఏ జానకమ్మ?"

"మీ అయ్యోరి పెండ్లాం. బిడ్డ కడుపులనే పోయినంక ఎడమ కాలు గట్లనే ఈడుస్తుండె. ఆఖరుకు గాజులు ఏసి సాగదోలింది గూడ నేనే."

నేను ఇక ఆగలేదు. మొగుణ్ణి రెక్క పట్టుకుని వనపర్తి లాక్కుపోయాను. అయ్యవారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. నా మొగుడు ఎవరూ చెప్పకుండానే లోపలికి పోయి, కడవలోంచి నీళ్ళు ముంచి ఆయనకు తెచ్చి ఇచ్చాడు. ఆ ఇంటికి నా మొగుడు రావడం అదే మొదటిసారి.

"పిలువు" అన్నాను. అయ్యవారిని మీరు అనాలన్న సంగతి ఆ రోజు నాకు గుర్తు లేదు. "నా మొగుని పేరు పెట్టి పిలువు."

"మొఖం యాదికున్నది తిమ్మమ్మా. మాట యాదికున్నది. నడక ఒక్కటే రోజురోజుకు మర్సిపోతున్న. అందుకే వీని కాళ్ళల్ల దాసిన."

"నా మొగుని కాళ్ళేమన్న నీ సందుగ పెట్టెనా, దాసుకోనీకి?"

"దించుడు గూడ పాఠమే. అదే పెద్ద పాఠం. దించనీకి రానోడు వేషగాడు గాదు" అన్నారు అయ్యవారు, నాతో కాదు, తనతో. లేచి, కొబ్బరినూనె గుడ్డతో రంగు లేని ఆ ముఖాన్ని మెల్లగా తుడిచారు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"జానకీ" అని పిలిచారు.

"వచ్చిన" అన్నాడు నా మొగుడు. అది మగ గొంతు కాదు.

"ఇంక పోయిరా" అన్నారు ఆయన. తర్వాత, గొంతు పగిలేలా, "కురుమూర్తీ!"

"వచ్చిన అయ్యోరా!" పక్కింటి కోళ్ళు బెదిరి ఎగిరాయి. నా మొగుడు ఒళ్ళు విరుచుకుని, ఎడ్లకు మేత వేశావా అని నన్నే గద్దించి, ఒక్క అంగలో గడప దాటి వీధిలోకి పోయాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అయ్యవారు అప్పుడు కళ్ళు తెరిచారు. ఖాళీ గడప వైపు చూశారు.

"పోయేటప్పుడు ఎట్ల నడిచింది తిమ్మమ్మా? కండ్లు మూసుకున్న. సూడకపోతి."

జానకమ్మ నడవనే లేదని ఎలా చెప్పను? అంత కోపంతో వచ్చినదాన్ని, ఆ ముఖం చూసి తట్టుకోలేకపోయాను. "గిట్ల పోయింది అయ్యోరా, మీరు సూడుండ్రి" అన్నాను. చెంగు నడుముకు దోపి, జుట్టు చెవి వెనక్కి తోసి, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ గడప దాటాను. నాకు ఎవరూ నేర్పలేదు. ఇన్నాళ్ళు ఒకే ఇంట్లో ఆ నడకను చూస్తూ బతికాను.

వెనక అయ్యవారు ఒక్కసారి వెక్కారు.

వీధిలోంచి నా మొగుడు "తిమ్మమ్మా!" అని కేకేశాడట. వనపర్తి సగం విన్నదట. ఎడమ కాలు ఈడుస్తూనే పోతున్న నాకు రెండోసారి పిలిచేదాకా వినిపించలేదు.