ఆరితే పిలిచినట్టు

ఆమోసుకు చెవులు పోయాయంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల కడుపులో దూరి ముప్పై ఏళ్లు రివెట్లు కొట్టినవాడికి చెవులు మిగిలితేనే వింత. రిటైరై ఆ రైల్వే ఊళ్లోనే ఇందా అనే పేటలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకునేవాడు. అసలు కష్టం భార్య ఎలీసమ్మ పక్షవాతంతో మంచాన పడ్డాక మొదలైంది.

ఎనభై ఆరు ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం ఆమె మంచినీళ్లకని పిలిచింది. ఆమోసు వరండాలోనే సైకిలు చైను సరిచేసుకుంటున్నాడు. పిలిచి పిలిచి గొంతెండిపోయి, చెంబు అందుకోబోయి ఆమె కింద పడింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని లోకం నవ్వుకుంటుంది గానీ, ఊది ఊది అలిసిన మనిషి గోడు ఎవరికి పట్టింది? పని ముగించి లోపలికొచ్చాకే ఆమోసు ఆమెను చూశాడు.

మర్నాడే గోల్‌బజార్ వెళ్లి రెండు హోల్డర్లు, వైరు, మంచానికి వేలాడదీసే బెడ్ స్విచ్చి కొనుక్కొచ్చాడు. పాత టీ పెట్టె చెక్కలు కోసి, రెండు పక్కలా అద్దం బిగించి డబ్బా చేశాడు. నడిమి గుమ్మం మీద పెడితే ఒక బల్బు వరండాలోకి, ఒకటి వంటింట్లోకి కనబడుతుంది. కరెంటు పని తెలిసిన పక్కింటి గణపతిరావు ఆ వైరింగు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇదేటి దాదా, పిలిసినప్పుడు ఎలగాల గానీ, పొద్దస్తమానం ఎలిగించి పిలిస్తే ఆర్పడమేటి? రెండూ ఒకే లైన్లో తగిలించినావు. ఒకటి మాడితే రెండోదీ పోద్ది."

"పోనీ. ఎళ్లి సూస్తాను. దీపం లేని సిగ్నలు కాడ డ్రైవరు ఏటి సేస్తాడు? ఆగుతాడు. బల్బు మాడినా, కరెంటు పోయినా, ఎలీస పిలిసినా నాకొకటే."

ఎలీసమ్మకు మొహమాటం ఎక్కువ. అవసరం లేకుండా ఒక్కసారీ నొక్కలేదు. దీపం ఆరగానే ఆమోసు చేతిలో పని వదిలేసి వచ్చేవాడు, ఆమెకు కావలసింది చేసి, స్విచ్చి వేసి వెళ్లిపోయేవాడు.

సాయంత్రాలు లోడ్‌షెడ్డింగు. కరెంటు లేనప్పుడు పిలిస్తే తెలియదు గనక, అది వచ్చేదాకా మంచం పక్కనే స్టూలు మీద కూర్చునేవాడు. చీకట్లో పెదాలు కనబడవు, మాటల్లేవు. ఆమె బాగున్న చెయ్యి అతని మోకాలి మీద వేసి ఉంచేది. కరెంటు రాగానే అతను లేచి బియ్యం కడగడానికి పోయేవాడు.

ఒకనాడు కరెంటు వచ్చింది. గదిలో లైటు వెలిగింది, ఎదురింట్లో వెలిగింది. గుమ్మం మీది డబ్బా మాత్రం వెలగలేదు. బల్బు మాడిందనుకుని ఆమోసు స్టూలెక్కాడు. రెండు బల్బులూ విప్పి చూశాడు, బాగానే ఉన్నాయి. హోల్డర్లూ బాగానే ఉన్నాయి. వైరు వెంటే వెతుక్కుంటూ మంచం దాకా వచ్చాడు. స్విచ్చి ఎలీసమ్మ గుప్పిట్లో ఉంది. చీకట్లోనే నొక్కేసింది.

"ఏటి కావాల? నీళ్లా?"

తల అడ్డంగా ఊపింది.

"నడుం నొప్పా?"

కాదంది. వెలుతుర్లో ఆమె పెదాలు నెమ్మదిగా కదిలాయి.

"ఏటీ వద్దు. కూకో."

ఆమోసు స్టూలు మళ్లీ మంచం దగ్గరికి లాక్కున్నాడు. ఆ పూట అన్నం బాగా ఆలస్యమైంది. డబ్బాలో దీపం వెయ్యాలని ఇద్దరికీ తోచలేదు.