నూగు దగ్గు

“ఇంట్లో అడిగి చెప్తానండీ” అని లేచాను.

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. “జ్వరం నీకొస్తుందా, మీ ఇంటికొస్తుందా?” అంది. కోపంగా అనలేదు. నాలాంటివాళ్లు రోజుకి పదిమంది అదే కుర్చీలో కూచుని అదే మాట చెప్పి లేచిపోతారు కాబోలు, ఆ విసుగుతో అంది. నేను నవ్వాను. ఏం చెప్పాలో తోచనప్పుడు నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వుకి మా ఇంట్లో రెండు పేర్లున్నాయి. మావ పొగరంటాడు, నా మొగుడు తెలివితక్కువంటాడు.

ఆవిడ చెప్పింది మాత్రం నాకు బాగానే అర్థమైంది. ఆ ఏడు, 2015 మొదట్లో, ఏ టీవీ పెట్టినా స్వైన్ ఫ్లూ గొడవే. శ్రీకాకుళం బస్టాండులో సగం మంది ముక్కులకి రుమాళ్లు కట్టుకుని తిరుగుతున్నారు. కడుపుతో ఉన్నవాళ్లకి ఆ జ్వరం వస్తే ఊపిరితిత్తుల మీద పడుతుందనీ, చూస్తుండగానే ముదిరిపోతుందనీ, ఒక్క సూదితో చాలావరకు కాచుకోవచ్చనీ చెప్పింది. అందులో ఉండేది చచ్చిన క్రిమేననీ, బిడ్డకి హాని చెయ్యదనీ, పైగా పుట్టాక కొన్ని నెలలు బిడ్డని కూడా కాస్తుందనీ చెప్పింది. “నీకు ఐదో నెల. వేయించుకుంటే మంచిది. బలవంతం లేదు, నీ ఇష్టం” అంది. ఆ చివరి ముక్క అనకుండా ఉంటే ఎంత బాగుండేది! నా ఇష్టాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకెవరూ నేర్పలేదు.

బయట బెంచీ మీద మా అత్త దాలమ్మ కూచునుంది. “ఏటందే?” అని అడిగింది. “బాగానే ఉందంది” అన్నాను. బస్సులో పొందూరు చేరేదాకా ఆ సూది సంగతి నా నాలిక మీదే ఉంది.

మా ఇంట్లో మావ జగన్నాధం మగ్గం నేస్తాడు. నేనూ అత్తా నూలు వడుకుతాం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజలు తీసి, విల్లుతో ఏకి, ఆ దూది ఏకుల్ని ఎండిన అరటి దొప్పలో చుట్టుకుని రాట్నం ముందు కూచుంటాం. పట్నం నుంచి ఎవరైనా ఫొటోలు తీసుకోవడానికి వస్తే మావ చొక్కా మార్చుకుని మగ్గంలో కూచుంటాడు, మేం టీ పెడతాం. ఒకసారి కెమెరా పట్టుకొచ్చిన అమ్మాయి నన్ను చూపించి, ఈవిడేం చేస్తారని అడిగింది. నా మొగుడు యుగంధర్ నాకంటే ముందే జవాబు చెప్పాడు. “ఊరికే కూచోలేక వడుకుతాదండీ” అన్నాడు. తెల్లారకుండా లేచి, నలుగురికీ వండి, గిన్నెలు తోమి, బట్టలు ఉతికి, మళ్లీ దీపాలు పెట్టేదాకా రాట్నం తిప్పేదాన్ని. ఊరికే కూచోవడం ఎలా ఉంటుందో ఆ అమ్మాయి అడిగితే నేను చెప్పలేకపోయేదాన్ని.

పత్తి దగ్గర కూచునేవాళ్లకి దగ్గు తప్పదు. దువ్వేటప్పుడు లేచిన నూగు ముక్కులోకి, గొంతులోకి పోతుంది. నూగు దగ్గు అంటాం. దానికి మందు బెల్లం ముక్క. మా రాట్నాల మధ్య బెల్లం డబ్బా ఎప్పుడూ ఉంటుంది. దగ్గు వినిపించగానే చెయ్యి దానంతటదే డబ్బా మీదికి పోతుంది, ఎవరిది, ఏం దగ్గు అని చూడం.

ఎదురింటి దేవి తన రాట్నం తెచ్చుకుని రోజూ మా పంచలోనే కూచునేది. ఏడో నెల. జనవరి చివర్లో దగ్గడం మొదలుపెట్టింది. రెండో రోజు, “ఒల్లు కాల్తన్నట్టున్నాదే కుసుమా” అంది. నేనే బెల్లం విరిచి దాని చేతిలో పెట్టాను. “నూగు దగ్గేలే, నీల్లు తాగు” అన్నాను. నేనే అన్నాను. మూడో రోజు కూడా ఆ పిల్ల అలాగే కూచుని వడికింది. నాలుగో రోజుకి ఊపిరందక గోడకి చేరగిలబడింది. విశాఖపట్నం తీసుకెళ్లారు. ఎనిమిదో రోజుకి తల్లీ లేదు, కడుపులో బిడ్డా లేదు. ఆసుపత్రి కాగితంలో ఏం రాశారో దేవి మొగుడు ఎవరికీ చూపించలేదు. వీధిలో కొందరు దిష్టి అన్నారు, కొందరు నీరసం అన్నారు. ఏడో నెలలో అన్ని గంటలు రాట్నం ముందు కూచుంటే మరేమవుతుందని కూచోబెట్టినవాళ్లే అన్నారు. ఆ వారం అందరి ఇళ్లలోనూ దగ్గు ఉంది. అందరూ నూగు దగ్గనే చెప్పుకున్నారు. పత్తి మొహం చూడని మగవాళ్లు దగ్గినా నూగు దగ్గే.

దేవి పోయిన మూడు వారాలకి డాక్టరమ్మ నాకు సూది సంగతి చెప్పింది. అందుకే ఆవిడ ఒక్కొక్క ముక్క చెప్తుంటే నా కడుపు మీద చెయ్యి వేసుకుని కూచున్నాను.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ యుగంధర్‌తో చెప్పాను. తను శ్రీకాకుళంలో సెల్‌ఫోన్ల షాపులో చేస్తాడు, ఇంట్లో కూడా ఫోనులోనే ఉంటాడు. తల ఎత్తకుండానే విన్నాడు.

“అదేటో కొత్త సూది. మా గ్రూపులో పెట్టేరు, కడుపుతో ఉన్నోల్లకి ఏస్తే పిల్ల నిలబడదంట” అన్నాడు.

“ఏటీ అవదని డాక్టరమ్మ సెప్పింది బావా.”

“అయితే ఏయించుకో. నీ ఇష్టం. రేపు ఏటైనా అయితే మాత్రం నన్నడక్కు.” అని, పులుసు ఇంకొంచెం వెయ్యమన్నాడు.

పక్కన కూచున్న మావ చెయ్యి కడుక్కుంటూ, “పోయినసారి సూదికి ఒకటి పోయింది, సాలదేటి?” అన్నాడు. నాతో అనలేదు, అత్తతో అన్నాడు. అత్త వంగి ఎంగిలి కంచం తీసుకుంది.

ఆ పోయినసారి సంగతి రెండేళ్ల కిందటిది. మూడో నెలలో అత్తే నన్ను నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్లి టీటీ ఇంజెక్షన్ వేయించింది. పదో రోజున కడుపు పోయింది. దానికీ సూదికీ ఏ సంబంధమూ లేదని పెద్దాసుపత్రిలో చెప్పారు. చెప్పింది నాకూ అత్తకీ. వినాల్సిన మగవాళ్లిద్దరూ ఆ రోజు రాలేదు, వచ్చాక మేం చెప్తే నమ్మలేదు. ఏడాదిపాటు కూరలో ఉప్పు తగ్గినా మావ చివరికి అక్కడికే వచ్చేవాడు, “నువ్వు తీసుకెల్లబట్టే కదా” అని. ఊళ్లోకెల్లా సన్నటి నూలు వడుకుతుందని పేరున్న మనిషి, ఆ మాట వినగానే తల వంచుకుని చీర కొంగు చుట్టుకునేది. ఈసారి టీటీ ఎలా పడిందంటే, నర్సమ్మ మా గుమ్మంలో కూచుని, వేసేదాకా కదలనంది. తప్పనిసరి అంది. అమ్మయ్య, తప్పనిసరి అనేది ఎంత సుఖమైన మాట! పడ్డ సూది నాది కాదు, ఆవిడది. ఈ కొత్తదాన్ని మాత్రం ఎవరూ తప్పదనరు.

మర్నాడు పత్తి దువ్వుతూ, “అత్తా, నువ్వేటంటావు?” అని అడిగాను.

చేప ఎముక ఆగలేదు. “నన్నడక్కే. నాను ఓపాలి సెప్పింది సాలు.”

“నాకు భయంగా ఉన్నాదత్తా. దేవి...”

“ఆ పేరు తేకు. కడుపుతో ఉన్నోల్లు పోయినోల్లని తలవకూడదు. బెల్లం తిను, వేన్నీల్లు తాగు, ఎక్కడికీ ఎల్లకు.”

అంతే. నా ఇష్టం నన్ను చుట్టుకుని కూచుంది. వంట చేస్తున్నా అదే, నీళ్లు పడుతున్నా అదే. నేను తెలివితక్కువదాన్నేమో గానీ ఒకటి మాత్రం తేల్చుకున్నాను. సూది వేయించుకోకుండా జ్వరమొచ్చి నాకేమైనా అయితే అది నా రాత. నలుగురూ ఏడుస్తారు, నా ఫొటోకి దండ వేస్తారు, ఎవరి తప్పూ ఉండదు. వేయించుకున్నాక ఏమైనా అయితే, దేనివల్ల అయినా సరే, అది నేను చేసిన పని. బిడ్డ కాస్త బరువు తక్కువ పుట్టినా, ఏడాది దాటి నడక రాకపోయినా, రేపు పదో తరగతి తప్పినా, ఆ రోజు సూది పొడిపించుకుంది కదా అంటారు. ఏమీ చెయ్యకుండా చచ్చిపోవడం మా ఇంట్లో మర్యాద. ఇంత తెలిసీ నేను ఏం చేశాను? రెండు వారాలు ఏమీ చెయ్యలేదు. నా మీద నాకే అసహ్యమేసింది. డాక్టరమ్మ మాట ఒకటి, గ్రూపులో వచ్చిన మాట ఒకటి, మధ్యలో నా కడుపులో అప్పుడప్పుడే కదలడం నేర్చుకుంటున్న ప్రాణి. దాన్నే అడగాలనిపించేది. అడిగితే అది కూడా నీ ఇష్టమే అంటుందేమోనని భయం.

చెకప్ రోజు పొద్దున్న బస్సు వేళయ్యేదాకా ఏకులు చుడుతూ కూచున్నాను. ఉన్నట్టుండి దగ్గొచ్చింది. ఒకటి కాదు, ఆగకుండా ఏడెనిమిది. అత్త చెయ్యి డబ్బా మీదికి పోయింది. బెల్లం విరిచి నా అరచేతిలో పెట్టి, “నూగు దగ్గేలే” అంది.

సరిగ్గా నేను దేవికి చెప్పినట్టే చెప్పింది. ఆ ముక్క నోట్లో వేసుకోలేకపోయాను. పిడికిట్లో పట్టుకునే బస్సెక్కాను. శ్రీకాకుళంలో దిగేసరికి చెయ్యంతా జిగురు.

డాక్టరమ్మ గొంతు చూసింది, జ్వరం చూసింది, ఛాతీ మీద గొట్టం పెట్టి విని నవ్వింది. “ఏమీ లేదు. నీది ఉత్త పత్తి దగ్గే. ఇంతకీ ఇంట్లో అడిగావా?”

“అడిగానండీ.”

“ఏమన్నారు?”

“నా ఇష్టమన్నారు” అన్నాను. అబద్ధం కాదు. “వేసెయ్యండి.”

ధైర్యం వచ్చి చెప్పలేదు. దేవిలా చావడానికి భయపడి చెప్పాను. నర్సు సీసా తీసి, ఏ చెయ్యి అని అడిగింది. “పని చేసుకునే చెయ్యి వద్దు, నొప్పి పెడుతుంది” అంటూ తనే ఎడమ చేతి జాకెట్టు పైకి జరిపింది. అందరూ ఇచ్చేది అదే కాబట్టి నేనూ ఇచ్చాను. చీమ కుట్టినట్టు అయింది, అంతే. కొంగు కప్పుకుని బయటికొచ్చాను. బెంచీ మీద నుంచి అత్త, “ఏటందే?” అంది. “బాగానే ఉందంది” అన్నాను.

మర్నాడు రాట్నం ముందు కూచున్నాక తెలిసింది నేను చేసిన తెలివితక్కువ పని. కుడిచెయ్యి ఊరికే చక్రం తిప్పుతుంది. నూలు తీసేది ఎడమచెయ్యి. ఏకు పట్టుకుని భుజం దాకా ఎత్తి, సన్నగా, సమంగా లాగాలి. ఎత్తగానే సలుపు. నూలు తెగింది. కలిపాను. మళ్లీ తెగింది. మూడోసారి తెగేసరికి పక్క రాట్నం ఆగిపోయింది.

“ఏటే, నీ నూలు తెగతన్నాది?” అంది అత్త.

“ఏకు బాగోనేదత్తా.”

“ఏకింది నాను.”

లేచి నా దగ్గరికొచ్చింది. అడగలేదు, జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. పెసరగింజంత ఎర్ర మచ్చ, చుట్టూ కొంచెం గట్టిపడి ఉంది. వేలితో నొక్కింది. అబ్బా అన్నాను. ఇక అరుస్తుంది, మగ్గంలో ఉన్న మావకి వినిపిస్తుంది, అయిపోయింది అనుకున్నాను.

“వడికేదానివి, ఎడం సెయ్యి ఇచ్చేవేటే బుద్ధిలేనిదానా? కుడిసెయ్యి ఇవ్వాల గానీ” అంది, గొంతు బాగా తగ్గించి.

అత్త నా పక్కనే చతికిలబడింది. మగ్గం చప్పుడు ఆగకుండా వినబడుతూనే ఉంది.

“దేవిది నూగు దగ్గు కాదని నాకు రెండోనాడే తెలుసు. నూగు దగ్గుకి ఒల్లు కాల్దు. ముప్పై ఏల్ల నుంచి దగ్గతన్నదాన్ని, నాకు తెల్దేటి? నోరిప్పితే ఆసుపత్రికి ఎల్లమనాల. ఎల్లేక ఏటైనా అయితే దాలమ్మే పంపిందంటారు. అందుకే నోరు మూసుకున్నాను. కడుపుతో ఉన్న గుంట నా కల్ల ముందరే వడుకుతా కూకుంది.”

ఇద్దరం ఎదురింటి వైపు చూడలేదు. నా చేతిలోంచి ఏకు తీసుకుని, రాట్నం తన వైపు లాక్కుంది.

“ఇన్నావా? రేపు ఏటైనా అయితే నానే పొడిపించేనని సెప్పు. తిట్లు నాకు అలవాటే. నీకు కొత్త.”

ఆ మాటకి నాకు ధైర్యం రావాలి. రాలేదు. ఇంకా నాలుగు నెలలుంది. నాలుగు నెలలూ కడుపులో కాస్త కదలిక తగ్గితే చాలు, ఊపిరి బిగబట్టుకుని కూచోవాలి. ఇప్పుడు నాతోపాటు ఈవిడ కూడా బిగబడుతుంది, అంతే తేడా. కళ్లు తుడుచుకుని, “ఏటీ అవకపోతే అత్తా? పిల్ల సక్కగా పుడితే?” అన్నాను.

“సక్కగా పుడితే ఎవలు పొడిపించేరని ఎవలూ అడగరే” అంది, తెగిన నూలు కలుపుతూ.