ఇంజిన్‌కు కట్టిన తీగ

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, కారు ఆగిపోతుంది. తాళం తిప్పితే లేస్తుంది, ఊగుతుంది, మళ్లీ ఆగుతుంది. ఈ పాత కారు కొన్న వారం నుంచి ఇదే గోస. ప్లగ్గులు మార్చాను, ఫిల్టర్ మార్చాను. ఫోన్‌లో వీడియోలు చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని. చదివితే ఏదైనా తెలుస్తుందని ఇంకా నమ్ముతాను.

పోయిన పరీక్షకు చెల్లె రజితను ఇందులోనే హన్మకొండ తీసుకెళ్తుంటే, కేసముద్రం దాటగానే ఆగింది. మేం చేరేసరికి గేటు మూసేశారు. రేపు పొద్దున ఇంకో పరీక్ష.

"నీ కారొద్దు, నీకో దండం అన్నా. బస్సుకు పోత," అంది రజిత. మా కురవి నుంచి పోయి మానుకోటలో బస్సు మారాలి. అది అందకపోతే ఈ పరీక్షా పోయినట్టే.

అందుకే మెకానిక్ శ్రీపాలన్నను బతిమాలి ఇంటికి పిలిచాను. ఆయన బానెట్ ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, చెవి పెట్టాడు.

"బుస్సుమంటాంది, ఇన్నవా? ఏడ్నో గాలి గుంజుతాంది తమ్మీ."

"పైపులన్నీ చూసిన అన్నా."

"చూసినవ్. ఇన్నవా అంటున్న."

పెట్రోలు ఎక్కడా కారడం లేదని చూసుకుని, మా అమ్మనడిగి ఊదుబత్తి ముట్టించాడు. నన్ను దిగి రమ్మని, ఇంజిన్ ఆగకుండా యాక్సిలరేటర్ కేబుల్ ఒక చేత్తో లాగి పట్టి, పైపుల వెంట తిప్పాడు. పైకి పోతున్న పొగ ఒకచోట వంకరపోయి లోపలికి దూరింది. అక్కడ పసుపు దారం, ఎండిన నిమ్మకాయ. వాటి కింద ఇనుప తీగ రబ్బరు పైపును కోసేసింది.

"గిదెవడు కట్టిండు, బైండింగ్ వైరుతోని? గిదేమన్న కంచెనా?"

వీరభద్రస్వామి గుడి దగ్గర బండి పూజ రోజున కంకణం ఇంజిన్‌కు కట్టమంది అమ్మ. ఊడిపోకూడదని నేనే తీగతో బిగించాను. దేవుడిదని తర్వాత ఆ చోట చెయ్యే పెట్టలేదు. కారు అమ్మినవాణ్ని మాత్రం రోజూ తిట్టాను.

శ్రీపాలన్న జానెడు కొత్త పైపు వేసి క్లిప్పు బిగించాడు. మళ్లీ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను. ఇంజిన్ ఆగలేదు.

గడపలో నిలబడ్డ రజిత అడిగింది: "అమ్మ కట్టిందా అది?"

"కాదు. నేనే."

"అంటే నా పరీక్ష నువ్వే పోగొట్టినవ్."

"అవును."

రజిత లోపలికి వెళ్లి, తన సంచి తెచ్చి, వెనక సీట్లో పడేసింది.

"ఐదింటికి లేపు. మానుకోట దాక చూస్త. ఒక్కసారి ఆగినా దిగి బస్సెక్కుత."